గోడ దగ్గరికి ఎల్లీ రాలేదు

మూడు వారాలుగా రాత్రి భోజనాలయ్యాక కొంచెం కొంచెంగా ఆడుతూ వచ్చాం. ఎత్తయిన గోడ ఎదురైతే ఏం చెయ్యాలో అప్పటికి నా వేళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దగ్గరికి వెళ్లి త్రికోణం గుర్తున్న బటన్ నొక్కాలి. తెరమీద జోయెల్ గోడకు వీపు ఆనించి, కాస్త వంగి, రెండు అరచేతులూ కలిపి పట్టుకుంటాడు. ఎల్లీ పరుగున వచ్చి ఆ దోసిట్లో కాలు పెడుతుంది. ఒక్క ఊపున పైకెత్తేస్తాడు. పైకెక్కిన పిల్ల అక్కడ దొరికిన నిచ్చెన కిందికి దించుతుంది. ఇద్దరూ ముందుకు సాగుతారు. ఎన్ని గోడలు ఇలా దాటామో నేను లెక్కపెట్టుకోలేదు.

ఆ రాత్రి సాల్ట్ లేక్ సిటీలో, పాడుబడిన బస్టాండులో, అలవాటుగా బటన్ నొక్కాను. జోయెల్ వంగాడు. చేతులు కలిపాడు. ఎవరూ రాలేదు.

"కంట్రోలర్‌లో చార్జింగ్ అయిపోయిందేమో చూడమ్మా" అన్నాను.

సోఫాకి అటు చివర కాళ్లు ముడుచుకుని కూర్చున్న మా అమ్మాయి, "చార్జింగ్ ఉంది నాన్నా. వెనక్కి చూడు" అంది.

దూరంగా ఎల్లీ ఒంటరిగా కూర్చుని ఉంది. ఏదో లోకంలో ఉంది. జోయెల్ మళ్లీ పిలిస్తే ఉలిక్కిపడి లేచి వచ్చింది. ఆ మధ్యలో గడిచింది కొద్ది సెకన్లే. ఆ కొద్ది సెకన్లూ నాకు గుండెలో ఏదో జారినట్టయింది. సిలికాన్ చిప్పు మీద నడిచే ఒక బొమ్మ పిలవగానే రాకపోతే పెద్దవాడికి అలా ఎందుకవుతుంది? ఈ ప్రశ్న పట్టుకుని వెళితే మెదడు గురించీ, తండ్రితనం గురించీ చాలా దూరం వెళ్లొచ్చు.

ముందు ఆట సంగతి. 'ది లాస్ట్ ఆఫ్ అస్' 2013 జూన్‌లో ప్లేస్టేషన్ 3 మీద వచ్చింది. చేసినది కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఉన్న నాటీ డాగ్ అనే స్టూడియో. కథ రాసింది నీల్ డ్రక్‌మన్. ఆట తయారవుతున్న రోజుల్లోనే తనకు కూతురు పుట్టిందనీ, ఆ అనుభవం కథలోకి వచ్చిందనీ ఆయన చెప్పుకున్నాడు. ఒక శిలీంధ్రం మనుషులకు సోకి లోకం కుప్పకూలడం కథకు నేపథ్యం. జోయెల్ ఒంటరి తండ్రి. మొదటి రాత్రే పన్నెండేళ్ల కూతురు సారా అతని చేతుల్లో ప్రాణం విడుస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత, మనసు మొద్దుబారిన ఆ మనిషికి, పద్నాలుగేళ్ల ఎల్లీ అనే అనాథను బోస్టన్ నుంచి దేశం అవతలి వైపుకు చేర్చే పని పడుతుంది. మొదట ఆమె అతనికి అప్పగించిన సరుకు. చివరికి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అది ఎలా అవుతుందన్నదే ఆటలోని పనితనం.

ఆట మొదట్లో మన చేతికిచ్చేది తండ్రిని కాదు. అర్ధరాత్రి నిద్రలేచి, చీకటి ఇంట్లో నాన్నను వెతుక్కుంటున్న సారాను. ఆటగాడి తొలి అడుగులు కూతురి అడుగులు. తర్వాత శీతాకాలం అధ్యాయంలో జోయెల్ గాయపడి పడిపోతే, ఎల్లీ మన చేతికి వస్తుంది. మంచులో వేటాడి, మందు సంపాదించి, అతణ్ణి బతికించే పని ఆమెది, అంటే మనది. ఆ అధ్యాయంలో ఆమెకు జరిగిన ఘోరాన్ని తట్టుకుని బయటపడిన పిల్లే బస్టాండులో అలా కూర్చుంది. తండ్రి పాత్రలో ఉన్నవాణ్ణి కాసేపు కూతురి కాళ్లతో నడిపించడం సినిమాకు కుదిరే పని కాదు. అక్కడ చూస్తాం, ఇక్కడ మోస్తాం.

యంత్రం వైపు నుంచి చూస్తే ఎల్లీ అంటే ఏమిటి? జోయెల్ చుట్టూ నిలబడటానికి వీలైన చోట్లను ప్రోగ్రాం ఎప్పటికప్పుడు గుర్తిస్తూ ఉంటుంది. ఒక్కో చోటు నుంచి కంటికి కనబడని సరళరేఖలు గీసి చూస్తుంది: మధ్యలో గోడ అడ్డముందా, ఆటగాడి దారికి అడ్డం వస్తుందా, మరీ వెనకబడిపోతుందా అని. ఉన్నవాటిలో మేలైన చోటికి ఎల్లీ వెళ్లి నిలబడుతుంది. మనం కదిలితే లెక్క మళ్లీ మొదలు. ఆమె మన పక్కనే ఉందన్న భావన వెనక ఉన్నది ఈ రేఖాగణితమే.

ఇందులో ఒక నిర్ణయం నాకు చాలా నచ్చింది. వెంట ఒక మనిషిని కాపాడుకుంటూ వెళ్లే ఆటలు అంతకుముందూ ఉన్నాయి. వాటిలో ఆ వెంట వచ్చే మనిషి తలుపుల్లో ఇరుక్కోవడం, శత్రువు ఎదురుగా నడిచి వెళ్లడం, ఆడేవాళ్లు విసుక్కోవడం మామూలు. నాటీ డాగ్ వాళ్లు ఏం చేశారంటే, జోయెల్ నక్కి ఉన్నప్పుడు ఎల్లీ శత్రువు కళ్లముందు నుంచి పరిగెత్తినా శత్రువుకు కనబడనట్టు రాశారు. వాస్తవానికి అది విరుద్ధం. కాని ఆమె పొరపాటు వల్ల మనం చిక్కిపోతే ఆమె మీద కోపం వస్తుంది, ఒకసారి వచ్చిన ఆ కోపం మళ్లీ పోదు. ప్రేమ నిలవడానికి వాళ్లు వాస్తవికతను కొంచెం వదులుకున్నారు. పైగా ఎల్లీ ఊరికే వెంట రాదు. మనం ఇరుకున పడితే ఇటుక విసురుతుంది. తూటాలు అయిపోతే ఎక్కడో ఏరినవి తెచ్చి చేతిలో పెడుతుంది.

కదిలే ఆకారాల్లో మనసును చూడటం మనకు కొత్తగా అబ్బిన విద్య కాదు. 1944లో అమెరికాలోని స్మిత్ కాలేజీలో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ ఒక చిన్న బొమ్మల చిత్రం తీశారు. అందులో ఉన్నవి రెండు త్రిభుజాలు, ఒక చుక్కలాంటి వృత్తం, తలుపున్న ఒక దీర్ఘచతురస్రం. అంతే. ఏం చూశారో రాయమని 34 మందిని అడిగితే, ఒక్కరు మాత్రమే జ్యామితి భాషలో రాశారు. మిగతావాళ్లంతా పెద్ద త్రిభుజం దౌర్జన్యం గురించీ, చిన్నవాటి భయం గురించీ రాశారు. ముఖం లేని త్రిభుజానికే మనసు అంటగట్టేవాళ్లం, యాష్లీ జాన్సన్ గొంతుతో మాట్లాడే ఎల్లీకి అంటగట్టకుండా ఉంటామా?

అయినా బస్టాండులో జరిగింది కేవలం అది కాదు. దానికి ఇంకో పరిశోధన సాయం కావాలి. 1990ల్లో వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమిన్ విడుదల చేసే కణాలను గమనించాడు. ముందు ఒక సంకేతం, ఆ తర్వాత పళ్లరసం. కొన్నాళ్లకు కోతి నేర్చుకుంది. అప్పటినుంచి రసం వచ్చినప్పుడు కాదు, సంకేతం కనబడగానే ఆ కణాలు చురుకయ్యేవి. ఒకసారి సంకేతం ఇచ్చి రసం ఇవ్వలేదు. సరిగ్గా రసం రావాల్సిన క్షణానికి ఆ కణాల సవ్వడి మామూలు స్థాయికన్నా కిందికి పడిపోయింది. అంటే మెదడు వచ్చినదాన్ని మాత్రమే కాదు, రావాల్సిన వేళకు రానిదాన్ని కూడా నమోదు చేస్తుంది. లేకపోవడానికి కూడా దాని లెక్కలో ఒక గడి ఉంది.

ఆ రాత్రి నా మెదడులో ఏ కణం ఏం చేసిందో కొలిచినవాళ్లు లేరు. కాని ఈ ఆట చేసినవాళ్లకు ఈ సూత్రం చేతి అనుభవంతో తెలుసని నా నమ్మకం. గంటల తరబడి ఒకే పని చేయించి, బటన్‌కూ ఆ పిల్ల రాకకూ ముడివేసి, సరిగ్గా ఒక్కచోట ఆ ముడి విప్పారు. ఎల్లీ బాధపడుతోందని ఎవరూ మాటల్లో చెప్పలేదు. నా బొటనవేలికి తెలిసింది.

ఆ తెలియడం నాకు కొత్త కాదు. వాళ్లమ్మ పోయేనాటికి మా పిల్లకు తొమ్మిదేళ్లు. బడికి రెండు జడలు వేసి, మడిచి, రిబ్బన్లతో పైకి కట్టాలి. నేను వేసిన జడ ప్రేయర్ అయ్యేలోపే వదులైపోయేది. పక్క వాటాలో ఉండే పిన్నిగారు నాలుగు రోజులు చూసి, ఐదో రోజు వచ్చి నా పక్కన కూర్చున్నారు. "లాగకు బాబూ, బిగించు. లాగడం వేరు, బిగించడం వేరు" అన్నారు. దువ్వెన మొనతో నడినెత్తి నుంచి మెడదాకా తిన్నగా పాపిడి తియ్యడం, మూడు పాయలూ సమంగా విడదీయడం, ఒక్కో మలుపుకీ చూపుడువేలితో అదిమి పట్టడం. నెల తిరిగేసరికి చేతులకు వచ్చేసింది. ఆ పది నిమిషాల్లోనే బడి కబుర్లన్నీ నాకు తెలిసేవి. నా ముఖం తనకు కనబడదు కాబట్టి చెప్పేదనుకుంటాను.

ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో జుట్టు భుజాలదాకా కత్తిరించుకుంటానంది. సరేనన్నాను. జూన్‌లో బళ్లు తెరిచిన రోజు పొద్దున ఏడింటికి దువ్వెన పట్టుకుని వరండాలోకి వచ్చాను. తను అప్పటికే హెయిర్‌బ్యాండ్ పెట్టుకుని షూ లేసు కట్టుకుంటోంది. గోడ దగ్గర జోయెల్ చేతులు కలిపి వంగి నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పొద్దుటి దువ్వెనే.

తల్లి ప్రేమ పుట్టుకతో వచ్చేదనీ, తండ్రి నేర్చుకోవాలనీ మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. 2014లో వచ్చిన ఒక పరిశోధన ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. ఇజ్రాయెల్‌లోని బార్-ఇలాన్ విశ్వవిద్యాలయంలో రూత్ ఫెల్డ్‌మన్ బృందం, మొదటి బిడ్డ పుట్టిన 89 మంది తల్లిదండ్రులకు తమ బిడ్డ వీడియోలు చూపిస్తూ మెదడు స్కాన్ చేసింది. వీళ్లలో మూడు రకాలు: బిడ్డ పనంతా తామే చూసుకునే తల్లులు, సాయానికి ఉండే తండ్రులు, తల్లి ప్రమేయం లేకుండా బిడ్డను పెంచుతున్న 48 మంది స్వలింగ సంపర్కులైన తండ్రులు. తల్లుల్లో అమిగ్డలా ఎక్కువ చురుకుగా ఉంది. బిడ్డ కిక్కురుమంటే ఒళ్లంతా చెవులయ్యేలా చేసే భాగం అది. సాయానికి ఉండే తండ్రుల్లో ఎదుటివారి మనసును ఊహించే పై పొరలు చురుకుగా ఉన్నాయి. తల్లి లేకుండా పెంచుతున్న తండ్రుల్లో అమిగ్డలా తల్లుల స్థాయిలో పనిచేసింది, పై పొరలు కూడా పనిచేశాయి, ఆ రెండింటి మధ్య దారి కూడా పడింది. అన్ని రకాల తండ్రుల్లోనూ బిడ్డ పనిలో గడిపిన గంటలు పెరిగినకొద్దీ ఆ దారి మరింత బలంగా కనబడింది.

దీనికి తోడు ఇంకో సాక్ష్యం ఫిలిప్పీన్స్‌లోని సెబు నుంచి వచ్చింది. లీ గెట్లర్ తదితరులు 624 మంది యువకుల టెస్టోస్టిరాన్‌ను 2005లో ఒకసారి, 2009లో ఒకసారి కొలిచారు. ఈ మధ్యకాలంలో పెళ్లయి తండ్రులైనవాళ్లలో పొద్దుటి స్థాయి సుమారు 26 శాతం, సాయంత్రం స్థాయి 34 శాతం పడిపోయింది. రోజుకు మూడు గంటలు, అంతకన్నా ఎక్కువ పిల్లల పని చేసేవాళ్లలో, ఏ పనీ చెయ్యని తండ్రులకన్నా అది తక్కువగా ఉంది. మగతనం తగ్గడమని దీన్ని చదివేవాళ్లున్నారు. నేను అలా చదవను. ఒళ్లు తన పనికి తగ్గట్టు తానే సర్దుకుంటోంది. ప్రేమ ఉంది కాబట్టి పని చేస్తామన్నది సగమే నిజం. చేసే పనిలోంచి కూడా ప్రేమ పుడుతుంది. పసిపిల్లకు స్నానం చేయించే చేతులకు వర్తించేది, గోడ దగ్గర దోసిలి పట్టే బటన్‌కూ కొంత మేరకు వర్తిస్తుంది.

తండ్రీకూతుళ్ల ఆటలకు ఇంకో పాత వంశం ఉంది. 1991లో జపాన్‌లో గైనాక్స్ సంస్థ నుంచి తకామి అకాయి రూపకల్పనలో 'ప్రిన్సెస్ మేకర్' వచ్చింది. యుద్ధంలో అనాథ అయిన పదేళ్ల పిల్లను ఒక వీరుడు తెచ్చి పెంచుకుంటాడు. తల్లి లేదు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్ల ఏ రోజుల్లో చదవాలో, ఏ రోజుల్లో పని చెయ్యాలో, ఎప్పుడు విశ్రాంతో అంతా తండ్రే నిర్ణయిస్తాడు. తెలివి, బలం, అందం, నడవడి అన్నీ అంకెలు. చదువు చెప్పిస్తే ఒక అంకె పెరుగుతుంది, అలసట అంకె కూడా పెరుగుతుంది. ఆ అంకెలను బట్టి ఆమె చివరికి రాణి కావచ్చు, ఇంకేదో కావచ్చు. ముగింపులు పదులకొద్దీ ఉన్నాయి.

ఆట కట్టుదిట్టంగా ఉంది, దాని ప్రభావమూ పెద్దదే. కాని ఆడుతున్నంతసేపూ నన్ను భయపెట్టింది. ఎందుకంటే ఆ పట్టికను నేను గుర్తుపట్టాను. ఏడో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, వారం వారం ర్యాంకులు, పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా గళ్లు గీసిన టైంటేబుల్. మన తెలుగు ఇళ్లలో పిల్లల్ని పెంచడం ఇంచుమించు ఈ ఆటలాగే సాగుతోంది, తేడా ఏమిటంటే ఇక్కడ అలసట అంకె తెరమీద కనబడదు. 'ప్రిన్సెస్ మేకర్'లో పిల్ల చాలావరకు మనల్ని ఎదురుచూడనివ్వదు. పిలిస్తే వస్తుంది. పంపిస్తే వెళుతుంది. అంత చెప్పినట్టు వినే పిల్ల మీద మమకారం కలుగుతుంది గాని, ఆమె ఎవరో తెలుసుకోవాలన్న కోరిక కలగదు.

పదమూడు దాటిన పిల్ల దూరం జరగడం గురించి విజ్ఞానం చెప్పేది వింటే నాకు కొంత ఊరట కలిగింది. రీడ్ లార్సన్, మరీస్ రిచర్డ్స్ తదితరులు 1996లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని 220 మంది పిల్లలు పాల్గొన్నారు. తాము ఏం చేస్తున్నారో, ఎవరితో ఉన్నారో, మనసెలా ఉందో పిల్లలు ఎప్పటికప్పుడు రాసి ఇచ్చారు. అలా 16,477 క్షణాలు పోగయ్యాయి. పదేళ్ల వయసులో మేలుకుని ఉన్న వేళలో 35 శాతం కుటుంబంతో గడిపే పిల్లలు, పద్దెనిమిది వచ్చేసరికి 14 శాతానికి దిగారు. సగానికన్నా తక్కువ. అయితే ఈ తగ్గుదలకు కారణం ఇంట్లో గొడవలు కాదని లెక్కలు తేల్చాయి. బయటి లోకం లాగడమే కారణం. మిగిలిన ఆ కాస్త సమయంలో మనుషుల గురించీ, స్నేహాల గురించీ ఇంట్లో మాట్లాడుకోవడం వయసుతో పెరిగింది, ముఖ్యంగా ఆడపిల్లల్లో. ఇంకోటి, మాటల్ని తామే నడిపిస్తున్నామని పిల్లలు ఎక్కువగా చెప్పడం మొదలైంది.

తల్లి గొంతు విషయంలోనూ ఇలాంటిదే బయటపడింది. 2022లో స్టాన్‌ఫర్డ్ నుంచి డేనియల్ అబ్రామ్స్ బృందం చూపించినది ఏమిటంటే, చిన్నపిల్లల మెదడులో సంతోషాన్నిచ్చే భాగాలు తల్లి గొంతుకు ఎక్కువ స్పందిస్తే, పదమూడు దాటిన పిల్లల్లో అవే భాగాలు ముక్కూ మొహం తెలియని గొంతులకు ఎక్కువ స్పందించాయి. తండ్రుల గొంతును వాళ్లు కొలవలేదు. కాని గదిలోంచి సమాధానం రానప్పుడల్లా నేను ఆ పరిశోధనను గుర్తు చేసుకునేవాణ్ణి. పిల్ల మారిపోలేదు. రేపు బయట బతకాల్సిన మనుషుల గొంతులకు చెవిని సిద్ధం చేసుకుంటోంది.

ఆ దూరాన్ని నేరుగా పట్టుకున్న ఆట 2017 జూలైలో వచ్చింది. 'డ్రీమ్ డాడీ'. వెర్నన్ షా, లీటన్ గ్రే రాయగా, గేమ్ గ్రంప్స్ అనే అమెరికన్ యూట్యూబ్ బృందం తీసుకొచ్చింది. భాగస్వామిని పోగొట్టుకున్న ఒక తండ్రి, పద్దెనిమిదేళ్ల కూతురు అమండాతో కలిసి మేపుల్ బే అనే ఊరికి మారతాడు. చుట్టుపక్కల ఏడుగురు తండ్రులు. వాళ్లలో ఒకరితో ప్రేమలో పడటం ఆట పైకి చెప్పే పని. మగవాళ్లు మగవాళ్లను ప్రేమించడాన్ని ఏ ఆర్భాటమూ లేకుండా, మామూలు ఇరుగుపొరుగు కథలా రాశారు. ఒకచోట పక్కింటి తండ్రితో, ఎవరి కూతురు గొప్పదో పోకెమాన్ పోరాటంలా పోటీ పడాలి. అది నవ్వు తెప్పిస్తుంది, కాస్త సిగ్గు కూడా తెప్పిస్తుంది, ఎందుకంటే మనం పెళ్లి భోజనాల దగ్గర చేసేదే అది.

ఇందులో అంకెల పట్టిక లేదు, వెంట నడిచే రేఖాగణితం లేదు. ఉన్నది కొమ్మలుగా చీలే సంభాషణ. అమండా ఒక మాట అంటుంది, తెరమీద రెండు మూడు జవాబులు కనబడతాయి, మనం ఒకటి ఎంచుకుంటాం, కథ ఆ కొమ్మ పట్టుకుంటుంది. ఆమె మాటలన్నీ ముందే ఎవరో రాసి పెట్టినవి. అయినా పనిచేస్తుంది, ఎందుకంటే జవాబు ఎంచుకునే ముందు ఆగుతాం. ఆ ఆగడం నిజం. సలహా ఇవ్వాలా, నవ్వించాలా, ఊరుకోవాలా? నిజ జీవితంలో నేను ఆగకుండా సలహా ఇచ్చేసిన సందర్భాలు వరసగా కళ్లముందు తిరిగాయి. ప్రేమించడానికి ఏడుగురిలో ఎవరినైనా ఎంచుకోవచ్చు. అమండా విషయంలో మాత్రం ఒకటి మన చేతిలో లేదు. స్కూలు అయిపోతుంది, ఫొటోలు తీయడమంటే ప్రాణమైన ఆ పిల్ల కాలేజీకి వెళ్లిపోతుంది. ఆ వెళ్లడం ఆ ఇంటి మీద మొదటినుంచీ ఉంది.

ఇవన్నీ తండ్రి ఒక్కడే కూర్చుని ఆడే ఆటలు. పక్కన కూతురుంటే? 2011లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో సారా కోయిన్ తదితరులు 287 కుటుంబాలను పరిశీలించారు. పిల్లల వయసు 11 నుంచి 16. తల్లిదండ్రులతో కలిసి వీడియో గేములు ఆడే ఆడపిల్లల్లో కుంగుబాటు, దుడుకుతనం తక్కువగా, సాయపడే గుణం ఎక్కువగా కనిపించాయి. మగపిల్లల్లో ఆ సంబంధం కనబడలేదు. వయసుకు తగని ఆటలు ఆడినచోట తల్లిదండ్రులతో అనుబంధం తగ్గి ఉంది. ఆట వల్ల ఇల్లు బాగుపడిందా, బాగున్న ఇంట్లో కలిసి ఆడారా అన్నది ఈ పద్ధతిలో తేలదు. 'ది లాస్ట్ ఆఫ్ అస్' హింస ఎక్కువున్న, పెద్దలకోసం చేసిన ఆట. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాకే మా ఇంట్లో డిస్క్ తెరిచాం. నిజానికి తెరిచింది తనే. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు స్నేహితురాలి దగ్గర పాత ప్లేస్టేషన్ అడిగి తెచ్చి, "ఇది నువ్వు ఆడాలి నాన్నా" అంది. శీతాకాలం అధ్యాయం వచ్చినప్పుడు మాత్రం కంట్రోలర్ నా చేతిలోంచి తీసుకుంది. ఎల్లీ వంతు కదా, తనే ఆడుతుందట.

బస్టాండులో ఎల్లీ ఎట్టకేలకు లేచి వచ్చింది. పైకెక్కింది. నిచ్చెన దించబోతూ ఏదో చూసి, దాన్ని అక్కడే పడేసి పరుగెత్తింది. వెంట పరిగెత్తాను. కూలిపోయిన గోడ అవతల ఒక జిరాఫీ, తీరిగ్గా ఆకులు మేస్తోంది. ఇంకొంచెం పైకి వెళితే డాబా. కింద పచ్చగా మొలిచిన ఊరి మధ్యలో జిరాఫీల మంద. జోయెల్, ఎల్లీ పిట్టగోడ మీద మోచేతులానించి నిలబడ్డారు. ఇక్కడ ఆట మనల్ని తొందరపెట్టదు. మనం కదిలేదాకా వాళ్లు అలాగే నిలబడి ఉంటారు. అరగంటైనా.

నా వేలు బటన్ మీదికి వెళ్లింది.

"ఉండు నాన్నా" అంది మా అమ్మాయి.

ఉన్నాను. గది మూలన తన ట్రావెల్ బ్యాగు, దాని మీద మడిచి పెట్టిన దుప్పటి.

"బస్సు పదకొండింటికి కదమ్మా?"

"పదకొండున్నరకి."

జిరాఫీలు ఇంకా మేస్తూనే ఉన్నాయి.